బొడ్రాయి దగ్గర సమాధానం

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఆ మాట అన్నవాళ్ళెవరో గానీ, ఒక్కసారి తమ ఇంటికి వచ్చి చూసి పొమ్మనాలని మార్తమ్మకు ఎన్నిసార్లనిపించిందో. ఆమె భర్త జీవరత్నం అయ్యగారి నోట్లోంచి పెళ్ళయిన నాటి నుంచి ఒక్క తిట్టు రాలేదు. వంటింట్లో దూరిన పిల్లిని కూడా "పో తల్లీ" అని సాగనంపుతాడు. ఇంత మంచి నోరు పెట్టుకుని ఏ ఊరిని మంచి చేశాడమ్మా అని ఎవరైనా అడిగితే మాత్రం, పాపం, ఆమెకు చెప్పుకోవడానికి ఒక్క ఊరి పేరూ తట్టదు.

అయ్యగారంటే పాస్టరు. సిద్దిపేట చుట్టుపక్కల పల్లెల చర్చిల్లో చేసి చేసి రిటైరై, ఇప్పుడు సిద్దిపేటలోనే పాత బస్టాండు వెనక కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. రిటైరయ్యాడన్నది పేరుకే. దేవుడి పనికి రిటైర్మెంటు ఉందేమో గానీ ఆయన పెట్టుకున్న శాంతి పనికి లేదు. ఎక్కడ ఇద్దరు కొట్టుకున్నా మధ్యలో ఈయన ఉండాల్సిందే. కొట్టుకునేవాళ్ళు అలిసిపోయి ఇళ్ళకు పోతారు, ఈయన ఇంకా అక్కడే నిలబడి ఉంటాడు.

వెనకటికి కోహెడ వైపు నక్సలైట్లు, అదే అన్నలు, తిరిగే రోజుల్లో సైకిల్ హ్యాండిల్‌కు తెల్ల తువ్వాల కట్టుకుని వాళ్ళకూ పోలీసులకూ నడుమ తిరిగాడు. వీడు పోలీసుల మనిషని అన్నలు, వీడు అన్నల మనిషని పోలీసులు, వంతులు వేసుకుని మరీ కొట్టారు. మార్తమ్మ ఇటుక పెళ్ళ వేడి చేసి కాపడం పెడుతూ, "కుడి చెంప వాళ్ళకిచ్చిన్రు, ఎడమ చెంప వీళ్ళకిచ్చిన్రు, ఇగ నా మందం ఏం మిగిలింది" అనేది. ఆయన నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. మంట చల్లారాక ఏడుపొచ్చేది.

ఇప్పుడు అన్నలూ లేరు, సైకిలూ లేదు. శాంతి కమిటీ ఉంది. పండగలొచ్చాయంటే పోలీసులు కబురు పెడతారు. అన్ని మతాల పెద్దమనుషులనూ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, చాయ్ పోసి, ఫోటో తీసి పంపిస్తారు. మర్నాడు పేపర్లో అయ్యగారు ఎప్పుడూ చివరి కుర్చీలోనే కనిపిస్తాడు, ఒక భుజం తెగిపోయి. "మీ శాంతి గీ చివరి కుర్చీల కూసున్నది సూడున్రి" అని మార్తమ్మ వేలు పెట్టి చూపేది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని నిజంగానే చూసేవాడు. ఏం మనిషో.

ఇదంతా ఒక ఎత్తు, రేగులబండ ఒక ఎత్తు. చంద్లాపూర్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరది. ఊరికి తూర్పున వాడ, వాడలో రేకుల చర్చి. జీతం రాలని ఆ చర్చికి వేరే పాస్టరెవరూ రారు కాబట్టి ఆదివారం ఆదివారం బండేసుకుని అయ్యగారే పోతాడు, వెనక మార్తమ్మ. ఊరికీ వాడకూ నడుమ ఉన్న గీత ఎప్పటిదో ఎవరికీ తెలియదు గానీ ఎక్కడుందో అందరికీ తెలుసు. వాడ శవం ఊరి నడుమ నుంచి పోదు. వాడ వెనక చేల గట్ల మీదుగా వాళ్ళ బొందలగడ్డకు వేరే బాట ఉండేది. రిజర్వాయర్ కాలువ వచ్చి ఆ బాటను అడ్డంగా కోసేసింది. ఇవతల వాడ, అవతల బొందలగడ్డ. కాలువ దాటాలంటే వంతెన ఒక్కటే. ఆ వంతెనకు దారి ఊరి నడుమ నుంచి, సరిగ్గా బొడ్రాయి ముందు నుంచి.

బొడ్రాయి అంటే ఊరికి బొడ్డు. దాన్ని పోయిన ఏడాదే కొత్తగా నిలబెట్టారు. ఆడబిడ్డలందరినీ పిలిచి, ఇంటింటా యాటను కోసి, ఊరు ఊరంతా పండగ చేసుకుంది. "బొడ్రాయి ముంగటికెల్లి వాడ పీనుగు పోతే ఊరికి అరిష్టం" అని అప్పుడే అనుకున్నారు. కాలువ వచ్చినప్పటి నుంచి వాడలో ఎవరూ చావలేదు కాబట్టి ఆ మాట మాటగానే ఉండిపోయింది. చావు మాత్రం ఎంతకాలమని ఆగుతుంది.

వాడలో బాలవ్వ అని పండు ముసలి ఉండేది. భర్త దుబ్బయ్యను బొందలగడ్డలో పెట్టి చాలా ఏళ్ళయింది. ఏటా ఈస్టరుకు పోయి ఆయన సమాధికి సున్నం కొట్టి, పక్కనున్న ఖాళీ జాగ కూడా శుభ్రంగా ఊడ్చి వచ్చేది. అది తనది. కాలువ తవ్విన తర్వాత ఊరంతా చుట్టి అవతలికి నడవలేక, చర్చిలో అయ్యగారి చేయి పట్టుకునేది.

"అయ్యగారూ, నన్ను ఏడవడితే ఆడ పారేయకున్రి. మా ఆయన పక్కకే పెట్టున్రి."

"పెడ్త బాలవ్వా. నాది పూచీ" అనేవాడు అయ్యగారు.

మార్తమ్మ ఆ మాట వింటూ పక్కకు చూసేది. ఊరు తన చేతిలో లేదని తెలిసి కూడా మాట ఇచ్చేయడం ఆ మనిషికి పుట్టుకతో వచ్చిన జబ్బు. కానీ ముసలిదాని మొహం చూస్తే ఆమె కూడా కాదనలేకపోయేది.

వానాకాలం నాట్లు పడుతుండగా బాలవ్వ కన్నుమూసింది. కబురు అందగానే అయ్యగారు వాడకు పోలేదు, మార్తమ్మను వెంటబెట్టుకుని నేరుగా ఊళ్ళోకి, లింగమూర్తి ఇంటికి పోయాడు. లింగమూర్తి ఆ ఊరి మాజీ సర్పంచ్. అన్నల కాలంలో అతన్ని పోలీసులు పట్టుకుపోతే, అయ్యగారు ఠాణా గడప ముందు కూర్చుని, తిండి మానేసి, ప్రాణంతో విడిపించుకొచ్చాడు. అప్పటి నుంచి లింగమూర్తికి ఆయన పాస్టర్ సాబ్. లింగమూర్తి భార్య ఐలవ్వ మార్తమ్మకు చాయ్ ఇచ్చి, పక్కన కూర్చుని, తన తొలి కాన్పుకు బాలవ్వే పురుడు పోసిన సంగతి చెప్పుకుని కళ్ళు తుడుచుకుంది. మగవాళ్ళు పంచాయతీ ఆఫీసులో కూర్చున్నారు. పొద్దు వాలుతుండగా లింగమూర్తి భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"ఒప్పుకున్నరు పాస్టర్ సాబ్. గొంతుల ముల్లు తీసినట్టయింది. రేపు పొద్దుగాల తీస్కపోన్రి. డప్పు వద్దు, పాట వద్దు. బొడ్రాయి కాడ ఆగొద్దు. నేను ముంగట నడుస్త, నన్ను దాటి ఎవడు రాడు."

"నువ్వు ముంగటుంటె ఇంకేం గావాలె మూర్తీ."

"ఆగొద్దు. గదొక్కటి యాదుంచుకోన్రి. మా పోరగాండ్లు మంట మీదున్నరు. మా నరేశ్ గాడే ఇంట్ల నాతోని మాట్లాడుతలేడు."

నరేశ్ అతని కొడుకు. భీవండిలో మగ్గాల పని చేసి, బొడ్రాయి పండక్కి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అరుగు చివర నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అయ్యగారు నమస్తే పెడితే చూడనట్టు ఊరుకున్నాడు.

ఊరు ఒప్పుకుంది కదా అని వాడకు వస్తే, ఇక్కడ వాడ ఒప్పుకోలేదు. బాలవ్వ మనవడు అరుణ్‌కుమార్ సిద్దిపేటలో ఆటో నడుపుతాడు. తోటి కుర్రాళ్ళను వెంటేసుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు.

"డప్పు వద్దు, పాట వద్దంటె ఏంది అయ్యగారూ? మా నాయినమ్మ ఏమన్న దొంగతనం జేసిందా, సప్పుడు గాకుంట పోవుటానికి? మేం రాం. మీరు, గీ ముసలోళ్ళు మోసుకపోన్రి."

ముసలోళ్ళు పెట్టె ఎత్తలేరు. కుర్రాళ్ళు రాకపోతే బాలవ్వ వాడ దాటదు. అయ్యగారు ఎంత చెప్పినా వినలేదు, ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయన కాసేపు శవం పక్కన కూర్చున్నాడు. తర్వాత ఏదో తట్టినవాడిలా లేచి ఫోన్ తీశాడు. రేగులబండ సంఘానికి వాట్సాప్ గ్రూపు ఉంది, ప్రార్థనల వేళలు పెట్టుకోవడానికి.

"మార్తా, రేపు మనం ఊరికెనే పోవద్దు. బొడ్రాయి కాడ ఒక్క నిమిషం ఆగుదాం. ఊరోళ్ళకు సమాధానం ఇచ్చి పోదాం."

ఆరాధన నడుమ సమాధానం ఇచ్చుకునే ఘట్టం ఒకటి ఉంటుంది. అయ్యగారు రెండు చేతులూ జోడించి ముందువరస వాళ్ళ చేతుల నడుమ పెడతాడు, "సమాధానం" అంటాడు. వాళ్ళు వెనక్కి తిరిగి మరొకరి చేతుల్లో పెడతారు. అలా చివరి చాప మీద చంటిపిల్లతో కూర్చున్న తల్లి దాకా పోతుంది. వాడ మొత్తం మీద ఒకరి చేయి ఒకరు ఊరికే పట్టుకునేది ఆ కాసేపే. చర్చి లోపల శాంతి అనే మాట పెద్దగా వినపడదు. శాంతికి వాళ్ళ పేరు సమాధానమే. అయ్యగారి ఇంట్లోనైతే నలభై ఏళ్ళుగా ఆ మాటకు ఇంకో అర్థం లేదు.

"ఆగొద్దని లింగమూర్తి చెప్పె గద" అన్నది మార్తమ్మ.

"గంత దారి ఇచ్చినోళ్ళకు సమాధానం ఇయ్యకుంట, మొకం తిప్పుకొని ఎట్ల పోతం? చేతులు జోడించి నిలబడుతం, అంతే. గది సూస్తే వాళ్ళ మనసు గూడ కరుగుతది. మన పోరగాండ్లకు గూడ దొంగలోలె పోయినమన్న బాధ ఉండది."

ఆమెకు ఆ క్షణాన అది మంచి ఆలోచనగానే తోచింది. అదీ కాక పొద్దుటి నుంచి తిరిగి తిరిగి ఆమె కాళ్ళు గుంజుతున్నాయి, వాదించే ఓపిక లేదు. అయ్యగారు ఒక వేలితో కొట్టుకుంటూ కొట్టుకుంటూ రాశాడు. రాత అంటే చర్చి రాతే వస్తుంది ఆయనకు. రాసి, ఎప్పటిలాగే భార్యకు చూపించాడు. మార్తమ్మ సర్కారు బడిలో తెలుగు చెప్పి రిటైరయింది. ఆయన రాసిన ప్రతిదీ ఆమె దిద్దాల్సిందే.

"ప్రియ సంఘస్థులారా, రేపు ఉదయము మన బాలవ్వను ఊరి నడుమ నుండియే తీసికొనిపోవుదము. యౌవనస్థులందరు తప్పక రావలెను. ఇన్నేండ్లు మనలను దూరముంచిన వారందరికి రేపు బొడ్రాయి యొద్ద మన సమాదానము ఇచ్చెదము. భయపడవద్దు. దేవుడు మన పక్షమున ఉన్నాడు."

"సమాధానానికి ఒత్తు పెట్టలే మీరు" అన్నది మార్తమ్మ. ఒత్తు పెట్టి ఇచ్చింది. ఆయన పంపించాడు.

జవాబులు వరసగా వచ్చిపడ్డాయి. అందరికంటే ముందు అరుణ్‌కుమార్. వస్తున్నాం అయ్యగారూ అని రాసి, పక్కన చేతి బొమ్మ పెట్టాడు. అయ్యగారు కళ్ళద్దాలు లేకుండానే చూసి మురిసిపోయాడు.

"సూసినవా మార్తా, చేతులు జోడించిండు. అందరు వస్తుండ్రు."

తెల్లారి తుంపర పడుతుండగా బాలవ్వ పెట్టె లేచింది. కుర్రాళ్ళు అనుకున్నదానికంటే ఎక్కువమంది వచ్చారు. పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. డప్పు లేదు, పాట లేదు. లింగమూర్తి గొడుగు ముడిచి చంకలో పెట్టుకుని అందరికంటే ముందు నడుస్తున్నాడు. అతని వెనక అయ్యగారు, తర్వాత పెట్టె, ఆ వెనక ఆడవాళ్ళతో మార్తమ్మ. ఊరి వీధిలోకి మళ్ళాక ఆమెకు ఒకటి కొట్టొచ్చినట్టు కనిపించింది. చావు వెంట పోతున్న కుర్రాళ్ళలో ఏడుస్తున్నవాడు ఒక్కడూ లేడు. బిగబట్టుకుని నడుస్తున్నారు. ఇళ్ళ తలుపులు మూసి ఉన్నాయి, డాబాల మీద జనం ఉన్నారు. బొడ్రాయి చుట్టూ ఊరి కుర్రాళ్ళు నిలబడి ఉన్నారు. ముందు నరేశ్ ఉన్నాడు.

లింగమూర్తి ఆగలేదు. కొడుకు వైపు చూడకుండా బొడ్రాయి దాటి నాలుగడుగులు వేశాడు. అప్పుడు వెనక అడుగుల చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాడు. అయ్యగారు చేయి ఎత్తి ఉన్నాడు, పెట్టె కిందికి దిగుతోంది.

"పాస్టర్ సాబ్, ఆగకున్రి" అన్నాడు లింగమూర్తి. మెల్లగానే అన్నాడు గానీ మార్తమ్మకు వినిపించింది.

అయ్యగారు అప్పటికే ఊరివాళ్ళ వైపు తిరిగాడు. రెండు చేతులూ జోడించి ముందుకు చాపాడు. చర్చిలో చివరి వరసకు వినపడేలా అనే అలవాటు కదా, ఆ గొంతుతోనే అన్నాడు.

"మీకందరికి సమాధానం."

"ఇగో, చెప్తుండ్రు సూడున్రి సమాధానం" అని ఊరివైపు నుంచి ఎవరో అన్నారు. వాడవైపు వెనక వరసల్లోంచి ఎవరో దానికి బదులు చెప్పారు. అది చేతులు జోడించి చెప్పే మాట కాదు. మొదటి రాయి ఎటు నుంచి వచ్చిందో ఇవాళ్టికీ తేలలేదు. ఊరినడిగితే వాడ నుంచంటుంది, వాడనడిగితే ఊరి నుంచంటుంది. లింగమూర్తి గొడుగు పారేసి, చేతులు రెండూ బార్లా చాపుకుని నడుమకు ఉరికొచ్చాడు. కణత మీద దెబ్బ తగిలింది. పోయి బొడ్రాయి గద్దె మీద పడ్డాడు.

ఆ తర్వాత ఎవరిని ఎవరు కొట్టారో చూసే తెలివి మార్తమ్మకు లేదు. అయ్యగారు లింగమూర్తి తలను ఒళ్ళో పెట్టుకుని, తన తెల్లంగీ తోటే అదిమిపట్టి కూర్చున్నాడు. మోసేవాళ్ళు వదిలేసి పోయిన పెట్టె నడివీధిలో ఉండిపోయింది. దాని మీద తుంపర పడుతుంటే మార్తమ్మ కొంగు కప్పి, పోలీసు జీపు వచ్చేదాకా దాని పక్కనే కూర్చుంది. బాలవ్వను ఒక్కదాన్నే వదిలిపెట్టి పోవడానికి ఆమెకు మనసు రాలేదు.

లింగమూర్తిని సిద్దిపేట దవాఖానకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. బాలవ్వను ఆ సాయంత్రం పోలీసులే రిజర్వాయర్ కట్ట కింద సర్కారు జాగలో పెట్టించారు. జేసీబీ తవ్విన గుంత. వాడవాళ్ళనెవరినీ రానివ్వలేదు. అయ్యగారు ప్రార్థన చేస్తుంటే, తొందరగా కానియ్యమని డ్రైవరు ఇంజను ఆపకుండానే ఉంచాడు. దుబ్బయ్య పక్కన ఊడ్చిపెట్టుకున్న జాగ కాలువ అవతల అట్లాగే ఉంది.

మర్నాడు ఠాణాకు పిలిచారు. ఎస్సై ఎవరిదో ఫోన్ బల్ల మీద పెట్టాడు. సంఘం గ్రూపు మెసేజు అది. వాడ కుర్రాడెవడో ఊరి దోస్తుకు పంపాడు, వాడు నరేశ్‌కు, నరేశ్ ఊరందరికీ.

"ఇది రాసింది మీరేనా?"

"నేనే సార్."

"బొడ్రాయి యొద్ద మన సమాధానము ఇచ్చెదము. అంటే ఏంది?"

"సమాధానం సార్."

"గదే అడుగుతున్న. ఎవరికి సమాధానం?"

"అందరికి సార్. ఊరందరికి."

ఎస్సై కానిస్టేబుల్ వైపు చూశాడు. "ఒప్పుకుంటనే ఉన్నడు గదా" అన్నాడు.

గోడవారన బల్ల మీద కూర్చున్న మార్తమ్మకు అప్పుడు తగిలింది, గుండెల్లో రోకలి పోటులా. ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ నల్లబల్ల మీద సుద్దముక్కతో ఆమె రాసిన మాట. వారమంతా బడిలో ఆ సమాధానం, ఆదివారం చర్చిలో ఈ సమాధానం. ఒకే నోట్లో రెండూ పక్కపక్కన కాపురం చేశాయి గానీ ఒకదాని మొహం ఒకటి చూసుకోలేదు. ఊరికి చర్చి లేదు. ఊరికి తెలిసింది బడి సమాధానమే. మనల్ని దూరం పెట్టినవాళ్ళకు బొడ్రాయి దగ్గర సమాధానం ఇద్దాం, భయపడకండి. ఇంతకంటే బెదిరింపు ఇంకేముంటుంది? ఇన్నేళ్ళు తెలుగు చెప్పిన తను దాన్ని చేతిలో పెట్టుకుని చూసింది. చూసి ఒత్తు దిద్దింది.

"సార్, మా భాషల సమాధానమంటే శాంతి" అన్నది. గొంతు ఆమెకే దొంగగొంతులా వినిపించింది.

"మీ భాష ఏందమ్మా? మీది తెలుగే గద" అన్నాడు ఎస్సై.

శాంతి కమిటీ మీటింగుల్లో చూసిన మొహం కాబట్టి, వయసైపోయింది కాబట్టి, అయ్యగారిని పొమ్మన్నారు. రెండువైపులా కుర్రాళ్ళ మీద కేసులు పడ్డాయి. అరుణ్‌కుమార్‌ను జైలుకు పంపారు. రేకుల చర్చికి తాళం పడింది.

ఇంటికొచ్చాక అయ్యగారు అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. "ఊరోళ్ళకు తెల్వది మార్తా, నిజమే. తప్పు నాదే. కని మనోళ్ళకు తెల్సు గద. మన పోరగాండ్లు సమాధానం ఇయ్యనీకే వచ్చిన్రు. గంతమంది వచ్చిన్రు." పట్టుకోవడానికి ఆయనకు అదొక్కటే మిగిలిందని మార్తమ్మకు అర్థమైంది. అవునని తల ఊపింది. అప్పుడే పెట్టె పక్కన నడిచిన ఆ మొహాలు గుర్తుకొచ్చాయి ఆమెకు.

అయ్యగారు అది అక్కడితో వదల్లేదు, అరుణ్‌కుమార్‌ను చూడాలన్నాడు. జైలులో ములాఖత్ కిటికీ వెనక కుర్రాడు చేతికి కట్టుతో వచ్చాడు. దిగులుగా ఉంటాడనుకుంటే, అయ్యగారిని చూసి వాడి మొహం వెలిగింది.

"అయ్యగారూ, మీరు గట్ల రాస్తరని నేను కలల గూడ అనుకోలే. చిన్నప్పటి సంది సూస్తున్న, సర్దుకపోన్రి, సర్దుకపోన్రి అనుడే మీది. ఒక్క గా దినం మొగోని లెక్క రాసిన్రు. గా మెసేజ్ సూడకపోతె మా పోరగాండ్లల్ల ఒక్కడు గూడ కదలకపోతుండె. అందుకే నేను ఎంటనే పిడికిలి పెట్టిన."

అయ్యగారు కిటికీ జాలీ పట్టుకున్నాడు. "పిడికిలా" అన్నాడు. "ఆదివారం ఆదివారం మనం సమాధానం ఇచ్చుకుంటం గద నాయినా. నీ చేతుల నేనే పెడ్తుంటి గద" అన్నాడు.

"గది చర్చిల గద అయ్యగారూ" అన్నాడు అరుణ్‌కుమార్. వాడు వెటకారంగా అనలేదు. తెలియనివాళ్ళకు ఓపిగ్గా చెప్పినట్టు చెప్పాడు.

తిరిగొచ్చేటప్పుడు అయ్యగారు బండి నడపలేనన్నాడు. దాన్ని అక్కడే వదిలేసి ఆటోలో వచ్చారు. మార్తమ్మకు ఆ పూట ఆయన మీద ఒక్క ముక్క కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది. కోపం వచ్చిన రోజుల్లో ఆయన నవ్వేవాడు.

లింగమూర్తి దినాలకు పోతానన్నాడు. "కొరివితోని తల గోక్కుంటరా? వద్దు" అన్నది మార్తమ్మ. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. ఇక చేసేదేముంది, ఆమె కూడా తొడుక్కుంది. బస్సు దిగి ఊరి నడుమ నుంచే నడిచారు. ఎవరూ పలకరించలేదు. బొడ్రాయి గద్దె కడిగి, పసుపు పూసి ఉంది. గుమ్మం దగ్గర నరేశ్ గుండుతో నిలబడి ఉన్నాడు. దారికి అడ్డం ఉండలేదు, అట్లాగని రమ్మనలేదు. లోపల ఐలవ్వ గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులకు గాజులు లేవు. వీళ్ళను చూసి పక్కనున్న చాప ముందుకు జరిపింది.

"కూసోన్రి."

అయ్యగారు కూర్చోలేదు. "ఐలవ్వా, నా తోని అయిన తప్పు నేను ఒప్పుకుంట" అన్నాడు.

"ఆగొద్దని మా ఆయన చెప్పిండు మీకు" అన్నది ఐలవ్వ. "ఇంటికొచ్చి నాతోని గూడ అన్నడు, పాస్టర్ సాబ్‌కు చెప్పిన, ఆగరు అని. ధీమగ పోయిండు."

"చెప్పిండు. నేనే ఆగిన. మంచికే ఆగిన ఐలవ్వా. నేను రాసిన మాటకు ఊర్ల వేరే అర్థం తీసిన్రు. మా దాంట్ల సమాధానం అంటే..."

మార్తమ్మ ఆయన చేయి పట్టి లాగింది. ఇక్కడ వద్దు, ఇప్పుడు వద్దు. ఆయన ఆగలేదు. చర్చిలో ఆ మాటను ఎట్లా వాడతారో, చేతులు ఎట్లా జోడిస్తారో, ముందువరస నుంచి వెనకవరస దాకా ఎట్లా పోతుందో అంతా చెప్పాడు. చెప్తూ చేతులు జోడించి చూపించాడు. ఐలవ్వ ఆ చేతుల వైపు చూస్తూ విన్నది, నడుమ అడ్డు రాలేదు. చావు ఇంట్లో ఇంత ఓపికగా వినేవాళ్ళుంటారా అనిపించింది మార్తమ్మకు.

"అంటే శాంతా అయ్యగారూ?"

"అవ్ ఐలవ్వా. శాంతి."

"మరి శాంతి అంటే శాంతి అనొచ్చు గద" అన్నది ఐలవ్వ. "గా మాట మాకు గూడ తెల్సు."

అయ్యగారి చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. వాటిని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు. మార్తమ్మే పట్టుకుని కిందికి దించింది. నరేశ్ లోపలికి వచ్చి, తల్లి పక్కన నిలబడి, "అయింది గద. పోన్రి" అన్నాడు. పోయారు.

ఆ ఆదివారం సిద్దిపేటలోని పెద్ద చర్చికి పోయారు. పోవడానికి ఇంకో చర్చి లేదు. అక్కడి పాస్టరు కుర్రవాడు, పెద్దాయన దిగులు మీద ఉన్నాడని మర్యాదకు ఆరాధనలో కొంత భాగం నడిపించమన్నాడు. అయ్యగారు నడిపించాడు. గొంతు బాగానే ఉంది. పాపపు ఒప్పుకోలు అయింది, వాక్యం అయింది. సమాధానం ఇచ్చే చోటు వచ్చింది. ముందువరసలో మార్తమ్మ అందరికంటే ముందు చేతులు జోడించి చాపింది. ఆయన ఆమె చేతుల వైపు చూశాడు, నోరు తెరిచాడు. మాట రాలేదు. పుస్తకం పేజీ తిప్పి, కానుకల పాట నంబరు చెప్పాడు.

జనం చేతులు జోడించుకుని కాసేపు ఎదురుచూశారు. తర్వాత ఒక్కొక్కరే దించుకుని, పాటల పుస్తకాలు తీసుకున్నారు.